టేప్ మీదున్న వీఎం బ్యాకప్ నుంచి ఒక్క ఫైల్‌ను వెతికి తీసివ్వడం: మొదటి నుంచి చివరి దాకా

"సార్, ఫైల్ సర్వర్‌లో బడ్జెట్ అని ఒక ఎక్సెల్ షీట్ ఉండాలి, కనపడట్లేదు. నాలుగు నెలల కిందటిది. సాయంత్రానికల్లా ఇస్తారా?"

ఇలాంటి టికెట్ వచ్చినప్పుడు, డిస్క్ మీద రెండు వారాల బ్యాకప్‌లే ఉంటే ఇక మిగిలింది టేపే. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళు ముందు చేసేది వాల్ట్‌కి (టేప్‌లు భద్రంగా దాచే చోటు) ఫోన్ చేసి టేప్‌లు తెప్పించడం. మొదట్లో నేనూ అంతే. రెండుసార్లు వేరే టేప్ తెప్పించుకుని, ఇంకోసారి సరైన టేప్ నుంచే తప్పు తేదీ బ్యాకప్ దించుకుని రాత్రంతా కూర్చున్నాక తెలిసొచ్చింది: టేప్ ఎక్కించడం ఈ పనిలో చివర్లో వచ్చే చిన్న ముక్క. వెతుకులాటంతా అంతకుముందే, కుర్చీలోంచి లేవకుండానే అయిపోవాలి.

వీఎంవేర్, హైపర్-వీ లాంటి వాటి మీద నడిచే వీఎంలను (వర్చువల్ మెషీన్లు, అంటే సాఫ్ట్‌వేర్ రూపంలో నడిచే కంప్యూటర్లు) ఇమేజ్ రూపంలో బ్యాకప్ తీసి, ఎల్‌టీఓ రకం టేప్‌ల మీద దాచేవాళ్ళ కోసం రాస్తున్నాను. సాఫ్ట్‌వేర్ ఏదైనా నడిచే దారి దాదాపు ఒకటే. తేడా వచ్చే చోట పేరు పెట్టి చెప్తాను.

టేప్ మీద ఉన్నది మీ ఫైల్ కాదు

ఇది అర్థమైతే మిగతా గైడ్ సగం అర్థమైనట్టే. వీఎం బ్యాకప్‌లో బ్యాకప్ సాఫ్ట్‌వేర్ లోపలి ఫైళ్ళను ఒక్కొక్కటిగా కాపీ చేయదు. వర్చువల్ డిస్క్‌ను, అంటే వీఎండీకేనో వీహెచ్‌డీఎక్స్‌నో, బ్లాకుల లెక్కన చదివి, కుదించి, ఒక పెద్ద ఫైల్‌గా రాస్తుంది. టేప్ మీదకు వెళ్ళేది ఆ పెద్ద మూటే. మీ ఎక్సెల్ షీట్ ఆ మూటలోని వర్చువల్ డిస్క్‌లోని ఎన్‌టీఎఫ్ఎస్‌లో (విండోస్ ఫైల్ సిస్టమ్) ఎక్కడో కొన్ని బ్లాకులుగా ఉంటుంది.

మూట డిస్క్ మీద ఉంటే మౌంట్ చేసి (ఒక డ్రైవ్‌లా తగిలించి) ఫోల్డర్లు తెరిచి చూడొచ్చు. డిస్క్ ఏ మూలకైనా మిల్లీసెకన్లలో దూకుతుంది. టేప్ దూకలేదు. ఎల్‌టీఓ-8 కార్ట్రిడ్జ్‌లో 960 మీటర్ల టేప్ ఉంటుంది. దాని మీద 6,656 ట్రాకులు. డ్రైవ్ ఒకేసారి 32 ట్రాకులు రాస్తూ చివరిదాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, మళ్ళీ ముందుకొస్తూ రాసుకుంటూ పోతుంది. ఒక ఫోల్డర్ లిస్ట్ చూపించడానికి ఫైల్ సిస్టమ్ వందల చోట్ల చిన్న చిన్న ముక్కలు చదవాలి. ఒక్కో ముక్కకి టేప్ ముందుకీ వెనక్కీ పరిగెత్తాలంటే, ఒక్కో పరుగుకి నిమిషం దాకా పడుతుంది. అలా కుదిరే పని కాదు.

అందుకే మామూలుగా ఇది రెండు అంచెల ప్రయాణం. మొదట మూటను టేప్ నుంచి డిస్క్ మీదకి దించాలి. తర్వాత డిస్క్ మీదున్న మూటను విప్పి ఫైల్ తీయాలి. వీమ్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో ఇదే పద్ధతి. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు మాత్రం బ్యాకప్ తీసే సమయంలోనే లోపలి ఫైళ్ళ వివరాలు కూడా రాసిపెట్టుకుంటాయి. నెట్‌బ్యాకప్‌లో వీఎం పాలసీలో ఫైల్ రికవరీ ఆప్షన్, కామ్‌వాల్ట్‌లో ఫైల్ వివరాల సేకరణ అలాంటివే. బ్యాకప్ తీసిన రోజున అది ఆన్‌లో ఉండి ఉండాలి. ఇవాళ ఆన్ చేస్తే నాలుగు నెలల కిందటి టేప్‌కి వర్తించదు.

నాలుగు వందల కేబీల షీట్ కోసం రెండు టీబీలు దించడం కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే ఉంటుంది. కానీ తవ్వక తప్పదు. మన చేతిలో ఉన్నదల్లా ఒక్క కొండనే తవ్వేలా చూసుకోవడం.

మొదటి అడుగు: అడిగినవాళ్ళను సరిగ్గా అడగండి

టికెట్‌లో రాసినదాన్ని పట్టుకుని పని మొదలెట్టకండి. ఫోన్ చేసి పది నిమిషాలు మాట్లాడండి. ఆ పది నిమిషాలు మీకు పది గంటలు మిగులుస్తాయి. నా ఫోన్ కాల్ ఒకటి ఇలా నడిచింది:

"మేడమ్, ఆ ఫైల్‌ని మీరు ఆఖరుసారి తెరిచి చూసింది ఎప్పుడు?"

"మార్చిలో అండీ. మార్చి చివర్లో."

"తెరిచినప్పుడు అందులో అంకెలు సరిగ్గానే ఉన్నాయా?"

"ఆ... అప్పుడు సరిగ్గానే ఉన్నాయి. ఏప్రిల్‌లో మా వాళ్ళెవరో కొత్త షీట్లు కలిపారు. ఆ తర్వాతే ఫార్ములాలన్నీ పోయాయి."

"అంటే ఫైల్ పోలేదా? ఉందా?"

"ఉంది కానీ అది కాదండీ మాకు కావాల్సింది."

చూశారుగా. టికెట్‌లో 'కనపడట్లేదు' అని ఉంది. నిజానికి ఫైల్ ఉంది, పాడైంది. డిలీట్ అయిన ఫైల్‌కి, డిలీట్ కాకముందు తీసిన ఆఖరి బ్యాకప్ కావాలి. పాడైన ఫైల్‌కి, పాడు కాకముందు తీసిన ఆఖరి బ్యాకప్ కావాలి. ఈ రెండు తేదీల మధ్య నెలల తేడా ఉండొచ్చు. టికెట్‌ను నమ్ముకుని ఆఖరి బ్యాకప్ తెప్పిస్తే, అందులో వచ్చేది పాడైన ఫైలే.

కాబట్టి మూడు తేదీలు రాబట్టండి: ఫైల్ మొదట తయారైంది ఎప్పుడు, బాగా ఉన్నట్టు ఆఖరుసారి చూసింది ఎప్పుడు, తేడా గమనించింది ఎప్పుడు. కచ్చితమైన తేదీ ఎవరికీ గుర్తుండదు. 'ఆడిట్‌కి ముందా, తర్వాతా' అన్నట్టు ఏదో ఒక సంఘటనతో ముడిపెట్టి అడిగితే చెప్తారు. ఆ ఫైల్‌ను ఎవరికైనా మెయిల్‌లో పంపారేమో కూడా అడగండి. పంపిన మెయిల్ తేదీ మంచి ఆధారం. ఒక్కోసారి ఆ మెయిల్‌లోనే ఫైల్ దొరికిపోయి టికెట్ అక్కడితో మూసేయొచ్చు.

తర్వాత, ఎక్కడ ఉండేది? వాళ్ళు 'ఎస్ డ్రైవ్‌లో' అంటారు. ఆ డ్రైవ్ అక్షరం వెనకాల ఏ షేర్ ఉంది, ఆ షేర్ ఏ సర్వర్‌లో ఉంది, ఆ సర్వర్ అప్పట్లో ఏ వీఎం అనేది మీరే తేల్చాలి. మధ్యలో సర్వర్ మారి ఉంటే, టేప్ మీద ఉన్నది పాత వీఎం పేరుతో ఉంటుంది. కొత్త పేరుతో వెతికి 'బ్యాకప్ లేదు' అని జవాబిచ్చేసిన సందర్భాలు నాకు తెలుసు.

ఇంకో మాట. పక్క ఫోల్డర్‌లో చూశారా అని తప్పకుండా అడగండి. మౌస్ జారి ఫోల్డర్ మొత్తం పక్క ఫోల్డర్‌లోకి వెళ్ళిపోవడం చాలా మామూలు. రీసైకిల్ బిన్, విండోస్ పాత వెర్షన్లు, డిస్క్ మీది బ్యాకప్‌లు కూడా చూసేశాకే టేప్ మాట ఎత్తండి.

రెండో అడుగు: కాటలాగ్‌లో వెతకడం

కాటలాగ్ అనే మాటని అందరూ ఒకటే అన్నట్టు వాడతారు. నిజానికి రెండున్నాయి. ఒకటి టేప్ కాటలాగ్: ఏ వీఎం, ఏ తేదీ బ్యాకప్, ఏ బార్‌కోడ్ ఉన్న టేప్ మీద ఉంది అని చెప్తుంది. రెండోది ఫైల్ ఇండెక్స్: ఆ వీఎం లోపల ఆ రోజున ఏ ఫైళ్ళు ఉన్నాయో చెప్తుంది. మొదటిది లేకుండా టేప్ బ్యాకప్ నడవదు కాబట్టి ఎప్పుడూ ఉంటుంది. రెండోది ఎవరో ఒకరు బ్యాకప్ జాబ్‌లో ఆన్ చేస్తేనే ఉంటుంది. వీమ్‌లో గెస్ట్ ఫైల్ సిస్టమ్ ఇండెక్సింగ్ అంటారు. వెతకడం ఎంటర్‌ప్రైజ్ మేనేజర్ వెబ్ పేజీలో.

ఇండెక్స్ ఉంటే మీ అదృష్టం. వెతికేటప్పుడు పూర్తి పేరు కొట్టకండి. యూజర్ చెప్పే పేరు, డిస్క్ మీదున్న పేరు ఒకటి కావు. 'బడ్జెట్ ఫైనల్' అని వాళ్ళు చెప్పేది లోపల అండర్‌స్కోర్‌తోనో, వెర్షన్ నంబర్‌తోనో, స్పెల్లింగ్ తప్పుతోనో ఉంటుంది. పేరులో ఒక ముక్క తీసుకుని, ముందూ వెనకా స్టార్ గుర్తు పెట్టి, ఎక్స్‌టెన్షన్ కలిపి వెతకండి. టిల్డ, డాలర్ గుర్తులతో మొదలయ్యే చిన్న ఫైళ్ళు కూడా ఫలితాల్లో కనిపిస్తే వదిలేయండి. అవి ఆఫీస్ ఫైల్ తెరిచి ఉన్నప్పుడు పెట్టుకునే లాక్ ఫైళ్ళు. అయినా అవి ఒక ఆధారమే: ఆ బ్యాకప్ తీసినప్పుడు ఎవరో ఆ ఫైల్ తెరిచి పని చేస్తున్నారని అర్థం.

ఫలితాలు వచ్చాక అందరూ పేరు చూసి ఆగిపోతారు. చూడాల్సింది సైజు, మార్పు తేదీ. ఒకే ఫైల్‌ను రీస్టోర్ పాయింట్ల (ఒక్కో తేదీ బ్యాకప్) వారీగా వరుసగా పెట్టి చూడండి. పైన చెప్పిన బడ్జెట్ షీట్ నాకు ఇలా కనిపించింది: ఫిబ్రవరి ఆఖరి బ్యాకప్‌లో 388 కేబీ, మార్చి ఆఖరులో 412 కేబీ, ఏప్రిల్ ఆఖరులో 97 కేబీ, మే ఆఖరులో 97 కేబీ. మే, ఏప్రిల్ రెంటిలోనూ మార్పు తేదీ ఒకటే. ఫార్ములాలు పోయింది ఎప్పుడో ఇంకెవర్నీ అడగక్కర్లేదు. మార్చి ఆఖరి బ్యాకప్ కావాలి. టేప్ ముట్టకుండానే జవాబు దొరికింది.

ఇలా సైజు పడిపోవడం, పెరుగుతూ పెరుగుతూ ఉన్న ఫైల్ హఠాత్తుగా సున్నా కావడం, ఒక ఫోల్డర్‌లోని ఫైళ్ళన్నిటికీ ఒకే నిమిషంలో మార్పు తేదీ పడటం, ఇవన్నీ చదవడం అలవాటు చేసుకోండి. ఆఖరిది కనిపిస్తే, అందులోనూ ఎక్స్‌టెన్షన్లు కూడా మారి ఉంటే, అది ఫైల్ పోయిన కేసు కాదు. పని ఆపి సెక్యూరిటీ వాళ్ళకి చెప్పండి.

ఒక హద్దు గుర్తుంచుకోండి. నెలకోసారి మాత్రమే టేప్‌కి వెళ్ళే చోట, 3వ తారీఖున పుట్టి 20వ తారీఖున పోయిన ఫైల్ ఏ టేప్ మీదా ఉండదు. ఆ సంగతి తేదీలు తెలిసిన వెంటనే యూజర్‌కి చెప్పేయండి. రెండు రోజులు ఆశపెట్టి చెప్పడం కన్నా అదే మర్యాద.

ఇండెక్స్ లేకపోతే?

అప్పుడు ఊహించి తేల్చుకోవాలి. ప్రతి ఊహకీ కొన్ని గంటలు ఖర్చవుతాయి కాబట్టి వరుసగా ఒక్కొక్క టేప్ దించకండి. ఫైల్ ఉన్నట్టు తెలిసిన తేదీ, లేనట్టు తెలిసిన తేదీ, ఈ రెంటి మధ్యలోని రీస్టోర్ పాయింట్ ముందు దించండి. అందులో ఉంటే తర్వాతి సగం, లేకపోతే ముందరి సగం. పదహారు వారాల బ్యాకప్‌లున్నా నాలుగు దించడాలలో తేలిపోతుంది. ఇంకా మంచిది, 'ఏప్రిల్ మొదట్లోది అయినా పర్లేదా?' అని యూజర్‌ని అడగడం. చాలాసార్లు 'పర్లేదు' అంటారు. ఒక్కసారితో సరిపోతుంది.

ఎంచుకునే వీలుంటే ఫుల్ బ్యాకప్ (మొత్తం కాపీ) ఉన్న తేదీనే ఎంచుకోండి. ఆదివారం ఫుల్ అయి, మీకు బుధవారంది కావాలంటే ఫుల్‌తో పాటు సోమ, మంగళ, బుధవారాల ఇంక్రిమెంటల్స్ (ముందటి బ్యాకప్ తర్వాత మారినవి మాత్రమే ఉండేవి) మూడూ ఉండాలి. మధ్యలో మంగళవారం టేప్ చదవలేకపోతే బుధవారంది చేతికి రాదు. ఆదివారందే చాలనుకుంటే ఈ గొడవే లేదు.

బ్యాకప్ సర్వరే పోయి, ఏ కాటలాగూ మిగలకపోతే టేప్‌లను కొత్త సర్వర్‌కి చూపించి కాటలాగ్ మళ్ళీ కట్టించాలి. వీమ్‌లో ఇన్వెంటరీ, తర్వాత కాటలాగ్ అనే రెండు పనులు. ఇన్వెంటరీ ఏ టేప్ ఏదో గుర్తుపడుతుంది, కాటలాగ్ లోపలేముందో చదువుతుంది. నెట్‌బ్యాకప్‌లో ఇంపోర్ట్ రెండు దశల్లో జరుగుతుంది: మొదటి దశ హెడర్లు చదివి జాబితా ఇస్తుంది, రెండో దశ ఇమేజ్ మొత్తాన్నీ చదువుతుంది. కాబట్టి మొదటి దశ జాబితాలో మీకు కావాల్సింది మాత్రమే ఎంచుకుని రెండో దశకు పంపండి. బకూలా, బారియోస్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు వాడేవాళ్ళకి ఈ పనికి బీస్కాన్ ఉంది. అసలు కాటలాగే వద్దనుకుంటే బీఎల్ఎస్‌తో టేప్‌లో ఏముందో చూసి, బీఎక్స్‌ట్రాక్ట్‌తో నేరుగా తీయొచ్చు.

మూడో అడుగు: టేప్‌లు తెప్పించే ముందు ఈ నాలుగు చూడండి

బార్‌కోడ్‌లు. కావాల్సిన రీస్టోర్ పాయింట్‌కి సంబంధించిన టేప్‌లన్నీ సాఫ్ట్‌వేర్‌లోంచే జాబితాగా తీయండి, కాగితం మీద రాసుకున్న పాత రిజిస్టర్‌ను నమ్మకండి. పెద్ద ఫుల్ బ్యాకప్ ఒక టేప్ నిండాక రెండో టేప్‌లోకి పాకుతుంది. రెండోది మర్చిపోతే, 83 శాతం దగ్గర ఆగి 'తర్వాతి టేప్ పెట్టండి' అంటుంది. అప్పుడు వాల్ట్ మూసేసి ఉంటుంది, ఎప్పుడూ అంతే.

తరం. బార్‌కోడ్‌లో ఆఖరి రెండు అక్షరాలు టేప్ ఏ తరందో చెప్తాయి, ఎల్8 అంటే ఎల్‌టీఓ-8. ఎల్‌టీఓ-7 దాకా డ్రైవ్‌లు తమకన్నా రెండు తరాలు పాత టేప్‌లను చదివేవి. ఎల్‌టీఓ-8 నుంచి ఆ సౌకర్యం పోయింది. ఎల్‌టీఓ-8 డ్రైవ్ ఎల్‌టీఓ-7 టేప్ చదువుతుంది, ఎల్‌టీఓ-6 చదవదు. ఎల్‌టీఓ-9 డ్రైవ్ ఎల్‌టీఓ-8 చదువుతుంది, ఎల్‌టీఓ-7 చదవదు. లైబ్రరీని (టేప్‌లు, డ్రైవ్‌లు ఉండే యంత్రం) కొత్త డ్రైవ్‌లకి మార్చినప్పుడు ఒక పాత డ్రైవ్‌ను అమ్మేయకుండా పక్కన పెట్టుకున్నవాళ్ళు తెలివైనవాళ్ళు.

తాళం. ఎల్‌టీఓ-4 నుంచి డ్రైవ్‌లోనే ఏఈఎస్-256 ఎన్‌క్రిప్షన్ ఉంది. దానికి తోడు సాఫ్ట్‌వేర్ ఎన్‌క్రిప్షన్ వేరే. ఆ టేప్ రాసిన రోజున ఏ కీ లేక ఏ పాస్‌వర్డ్ వాడారో అది కావాలి. ఇప్పటి పాస్‌వర్డ్ అప్పటిది కాకపోవచ్చు. టేప్ రాకముందే కీ ఉందో లేదో చూసుకోండి.

రిటెన్షన్, అంటే బ్యాకప్‌ను ఎంతకాలం ఉంచాలనే గడువు. ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. ఓ శుక్రవారం మధ్యాహ్నం టేప్ వచ్చింది. లైబ్రరీలో పెట్టి, సోమవారం చూద్దాంలే అని ఇంటికెళ్ళాను. ఆ టేప్ రిటెన్షన్ గడువు అంతకు నెల ముందే అయిపోయింది. సాఫ్ట్‌వేర్ లెక్కలో అది ఖాళీ టేప్. వారాంతపు జాబ్‌కి కొత్త టేప్ కావాల్సొచ్చింది, కళ్ళెదురుగా ఖాళీ టేప్ కనపడింది. సోమవారం పొద్దున్న నేను చూసేసరికి దాని మీద వేరే సర్వర్ల బ్యాకప్ తాజాగా కూర్చుని ఉంది. అప్పటి నుంచి నాకో అలవాటు: టేప్ చేతికి రాగానే బార్‌కోడ్ చూడటం కన్నా ముందు, కార్ట్రిడ్జ్ మీదుండే రైట్-ప్రొటెక్ట్ స్విచ్‌ను లాక్ వైపు జరుపుతాను. తాళం గుర్తు కనపడాలి. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ఆ టేప్‌ను ఖాళీ టేప్‌ల పూల్‌లోంచి (టేప్‌ల గుంపు) తీసి వేరే పూల్‌లో పెడతాను. అప్పుడే అది లైబ్రరీలోకి వెళ్తుంది.

టేప్ బాగా చల్లటి చోటు నుంచో వేడి చోటు నుంచో వస్తే, సర్వర్ రూమ్ వాతావరణానికి అలవాటు పడేదాకా ఆగండి, తేడా ఎక్కువైతే ఒక రోజు. దారిలో కింద పడిందని అనుమానం ఉంటే కార్ట్రిడ్జ్ తలుపు మెల్లగా జరిపి లోపలి లీడర్ పిన్ (డ్రైవ్ టేప్‌ను పట్టుకుని లాగే పిన్) సరిగ్గా కూర్చుని ఉందో చూడండి. పిన్ పక్కకి తప్పిన టేప్‌ను డ్రైవ్‌లోకి తోస్తే టేప్‌తో పాటు డ్రైవ్ కూడా పోవచ్చు.

నాలుగో అడుగు: చోటు, సమయం లెక్క

టేప్ మీది మూటను దించడానికి డిస్క్ మీద చోటు కావాలి. ఒక జాబ్‌లోని ఇరవై వీఎంలు కలిపి ఒకే బ్యాకప్ ఫైల్‌గా రాసి ఉంటే, మీకు కావాల్సింది ఒక వీఎమే అయినా ఆ ఫైల్ మొత్తం దించాల్సి రావొచ్చు. వీఎంకి ఒక ఫైల్ చొప్పున రాసి ఉంటే ఆ ఒక్కటే. సైజు కాటలాగ్‌లో కనిపిస్తుంది. దానికి ఇంక్రిమెంటల్స్ కలిపి, కొంచెం పైన ఉంచుకోండి.

సమయానికి వస్తే, ఎల్‌టీఓ-8 కాగితం మీద సెకనుకి 360 ఎంబీ చదువుతుంది. రెండు టీబీల మూటకి గంటన్నర పైన. అయితే బ్యాకప్ ఫైళ్ళు ముందే కుదించి ఉంటాయి కాబట్టి బ్రోచర్లలో రాసే రెండున్నర రెట్ల వేగం మాట మర్చిపోండి. దించే డిస్క్ సెకనుకి 200 ఎంబీ మాత్రమే రాయగలిగితే, అదే మూటకి రెండు గంటల నలభై ఐదు నిమిషాలు దాటుతుంది. డిస్క్ మరీ నెమ్మదైతే ఇంకా కష్టం. డ్రైవ్ కొంతవరకు తన వేగం తగ్గించుకుంటుంది, అంతకన్నా తగ్గలేక ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ మొదలెడుతుంది. వేగం ఇంకా పడిపోతుంది, టేప్ అరుగుతుంది. అందుకే పాత నాస్ బాక్సులో (నెట్‌వర్క్ మీదుండే స్టోరేజ్) చోటుంది కదా అని దానిమీదకి దించకండి.

యూజర్‌కి సమయం చెప్పేటప్పుడు వాల్ట్ నుంచి రావడం, దించడం, తెరవడం కలిపి చెప్పండి. నేను నా లెక్కకి రెట్టింపు చెప్తాను. ముందే ఇచ్చేస్తే సంతోషిస్తారు, లేటైతే టెన్షన్ ఉండదు.

ఐదో అడుగు: దించడం

ఈ దశలో పెద్దగా చేసేదేమీ ఉండదు. టేప్‌ను లైబ్రరీ మెయిల్ స్లాట్‌లో (టేప్‌లు లోపలికి పెట్టే చోటు) పెట్టి ఇంపోర్ట్, తర్వాత ఇన్వెంటరీ, ఆ తర్వాత బ్యాకప్‌ను డిస్క్ రిపాజిటరీలోకి (బ్యాకప్‌లు ఉంచే చోటు) రీస్టోర్ చేసే జాబ్. గమ్యం ఎప్పుడూ కొత్త ఫోల్డరే. నడుస్తున్న వీఎం మీదకి, ఇప్పుడున్న బ్యాకప్ చెయిన్‌లోకి రీస్టోర్ చేయకండి. ఫోల్డర్ పేరులో టికెట్ నంబర్, రీస్టోర్ పాయింట్ తేదీ రెండూ ఉంచండి. రాత్రి జాబ్‌లకి డ్రైవ్ కావాల్సి వస్తుంది కాబట్టి వాటి సమయం చూసుకుని మొదలెట్టండి.

టేప్ ఎక్కాక ఒకటి రెండు నిమిషాలు స్క్రీన్ మీద ఏమీ కదలదు. టేప్ సరైన చోటికి చుట్టుకుంటోంది. కంగారుపడి క్యాన్సిల్ కొట్టకండి.

రీడ్ ఎర్రర్ వస్తే అదే డ్రైవ్‌లో మళ్ళీ మళ్ళీ ప్రయత్నించడం అందరూ చేసే పొరపాటు. ముందు డ్రైవ్ క్లీనింగ్ అడుగుతోందేమో చూసి క్లీనింగ్ కార్ట్రిడ్జ్ వేయండి. తర్వాత అదే టేప్‌ను ఇంకో డ్రైవ్‌లో పెట్టండి. అక్కడ చదివితే తప్పు మొదటి డ్రైవ్‌ది. అక్కడా అదే చోట ఆగితే టేప్‌ది. అప్పుడు రెండో కాపీ ఉంటే అది తెప్పించాలి, లేకపోతే ముందటి రీస్టోర్ పాయింట్‌కి వెళ్ళాలి.

ఆరో అడుగు: మూట విప్పడం

వీమ్ లాంటి వాటిలో దించిన బ్యాకప్‌ను సర్వర్‌లోకి ఇంపోర్ట్ చేసి, ఫైల్-లెవెల్ రీస్టోర్ అనగానే లోపలి డిస్కులు మౌంట్ అయి ఎక్స్‌ప్లోరర్ లాంటి కిటికీ తెరుచుకుంటుంది. ఇతర సాఫ్ట్‌వేర్లలో మీ చేతికి వీఎండీకేనో వీహెచ్‌డీఎక్స్‌నో వస్తే, చిన్న పనికి 7-జిప్ చాలు, రెంటినీ తెరుస్తుంది. వీహెచ్‌డీఎక్స్‌ను విండోస్ తనే మౌంట్ చేస్తుంది. లినక్స్‌లో అయితే గెస్ట్‌మౌంట్. ఏది వాడినా రీడ్-ఓన్లీగానే తెరవండి. మామూలుగా మౌంట్ చేస్తే ఫైల్ సిస్టమ్ తన లాగ్‌ను సరిచేసుకునే ప్రయత్నంలో ఇమేజ్‌లో రాసేస్తుంది, అంతా మళ్ళీ దించాల్సి రావొచ్చు.

తెరుచుకోకపోతే కారణం సాధారణంగా వీటిలో ఒకటి.

విండోస్ వాల్యూమ్ మీద డీడూప్లికేషన్ (ఒకేలాంటి డేటాను ఒక్కసారే దాచే పద్ధతి) ఆన్‌లో ఉంటే, ఫోల్డర్లు కనిపిస్తాయి, సైజులు కనిపిస్తాయి, ఫైల్ మాత్రం కాపీ అవదు. అసలు డేటా వేరే చోట ముక్కలుగా ఉంటుంది. మౌంట్ చేసే సర్వర్ కూడా విండోస్ సర్వర్ అయి, డీడూప్లికేషన్ రోల్ ఇన్‌స్టాల్ అయి, వెర్షన్ అంతే లేదా అంతకన్నా కొత్తదై ఉండాలి. ఇలాంటి వాల్యూమ్‌ను 7-జిప్‌తో తెరిచి 'ఫైల్ పాడైంది' అని తేల్చేయకండి. రీఎఫ్ఎస్ (విండోస్‌లో ఇంకో ఫైల్ సిస్టమ్) వాల్యూమ్‌కీ వెర్షన్ నియమమే. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఉంటే రికవరీ కీ కావాలి.

లినక్స్‌లో ఎల్వీఎం (డిస్కులను కలిపి వాల్యూమ్‌లు చేసే పద్ధతి) ఉంటే ఒక వాల్యూమ్ రెండు మూడు వర్చువల్ డిస్కుల మీద పరిచి ఉండొచ్చు, అన్నీ కలిపి ఇవ్వాలి. అసలు వీఎం నడుస్తున్న మెషీన్‌కే ఈ డిస్క్ తగిలిస్తే రెంటికీ ఒకే యూయూఐడీ (గుర్తింపు సంఖ్య) ఉండి గొడవ పడతాయి. వేరే సహాయక వీఎంలో తెరవడం మంచిది. ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ఎఫ్ఎస్ అయితే, మౌంట్ చేసేటప్పుడు రీడ్-ఓన్లీతో పాటు 'నోరికవరీ', యూయూఐడీ గొడవ ఉంటే 'నోయూయూఐడీ' కూడా ఇవ్వాలి. ఈఎక్స్‌టీ4కి 'నోలోడ్'.

ఏదీ కుదరకపోతే వీఎం మొత్తాన్ని రీస్టోర్ చేసి ఆన్ చేసి, లోపలికి లాగిన్ అయి ఫైల్ తీయొచ్చు. కానీ నెట్‌వర్క్ కార్డ్ తీసేశాకే ఆన్ చేయండి. లేకపోతే అదే పేరు, అదే ఐపీతో రెండో ఫైల్ సర్వర్ లేచి నిలబడుతుంది. అప్పుడు మీ టికెట్ ఒకటి కాదు, నూట యాభై.

ఏడో అడుగు: ఫైల్ ఇచ్చే ముందు

తీసిన ఫైల్‌ను తెరిచి చూడండి. కనీసం తెరుచుకుంటోందా, సైజు ఇండెక్స్‌లో చూసినదానితో సరిపోతోందా అన్నది చూడాలి. ఇక్కడ ఒక మాయ ఉంది. ఫైల్ సర్వర్‌లో పాత ఫైళ్ళను వేరే స్టోరేజ్‌కి పంపేసి, వాటి చోట ఖాళీ గుర్తులు మాత్రమే ఉంచే ఆర్కైవ్ సాఫ్ట్‌వేర్ ఉంటే, ఇండెక్స్‌లో 412 కేబీ అని కనిపించినా డిస్క్ మీద అది తీసుకున్న చోటు సున్నా ఉండొచ్చు. ఫైల్ లక్షణాల్లో 'డిస్క్ మీద సైజు' చూడండి. సున్నా అయితే మీరు వెతకాల్సింది ఆ ఆర్కైవ్ బ్యాకప్‌లో, ఈ టేప్‌లో కాదు.

డేటాబేస్ ఫైళ్ళను ఇలా విడిగా తీసివ్వడం నాకు ఇష్టం ఉండదు. తప్పనిసరైతే డేటా ఫైల్, లాగ్ ఫైల్ రెండూ ఒకే రీస్టోర్ పాయింట్ నుంచే తీయండి.

ఫైల్‌ను అసలు చోటనే పెట్టి, ఇప్పుడున్నదాన్ని తుడిచేయకండి. పాడైన ఫైల్‌లో కూడా నిన్నటి పని ఉంటుంది. అదే ఫోల్డర్‌లో రీస్టోర్ అనే పేరు, తేదీ ఉన్న సబ్‌ఫోల్డర్ చేసి అందులో పెట్టండి. ఒక్క ఫైల్ అయితే పర్మిషన్లు కొత్త ఫోల్డర్‌వి వచ్చేస్తాయి, ఫర్వాలేదు. ఫోల్డర్ మొత్తం అయితే విండోస్‌లోని రోబోకాపీ కమాండ్‌తో సెక్యూరిటీ వివరాలతో సహా కాపీ చేయాలి, లేకపోతే జీతాల ఫోల్డర్ అందరికీ తెరుచుకునే ప్రమాదం ఉంది. దారి పొడవు 260 అక్షరాలు దాటిన ఫైళ్ళను మామూలు కాపీ వదిలేయొచ్చు, రోబోకాపీ వదలదు.

యూజర్ తెరిచి చూసి 'ఇదే' అనేదాకా దించిన మూటను చెరపకండి. అన్నాక మాత్రం ఆలస్యం చేయకండి. ఆ మూటలో ఒక్క షీట్ కాదు, సర్వర్ మొత్తం ఉంది, అందరి ఫైళ్ళూ ఉన్నాయి. మౌంట్ విడదీసి, ఫోల్డర్ చెరిపి, టేప్‌ను ఎగుమతి చేసి వాల్ట్‌కి తిరిగి పంపండి. టికెట్‌లో బార్‌కోడ్, రీస్టోర్ పాయింట్ తేదీ, ఒక్కో దశకి పట్టిన సమయం రాయండి. వచ్చేసారి ఎంతసేపు పడుతుందని అడిగితే లెక్క చేతిలో ఉంటుంది.

వచ్చే టికెట్ కోసం ఇవాళే మార్చాల్సినవి

అన్ని వీఎంలకీ ఇండెక్స్ అక్కర్లేదు. యూజర్లు ఫైళ్ళు దాచుకునే సర్వర్లకి ఆన్ చేయండి చాలు. ఇండెక్స్‌ను ఎంతకాలం ఉంచుతున్నారో కూడా చూడండి. టేప్‌లు ఏడేళ్ళు ఉంచి, ఇండెక్స్‌ను మూడు నెలలకే చెరిపేస్తే, మిగిలిన కాలమంతా మీరు ఊహలతోనే వెతకాలి. నెలాఖరు టేప్‌కి ఇంక్రిమెంటల్ కాకుండా పూర్తి ఫుల్ వెళ్ళేలా, అదీ వీఎంకి ఒక ఫైల్ చొప్పున వెళ్ళేలా పెట్టండి.

మూడు నెలలకోసారి, ఎవరూ అడగకపోయినా, మీ దగ్గరున్న అన్నిటికన్నా పాత టేప్ ఒకటి తెప్పించి, దాంట్లోంచి ఏదో ఒక ఫైల్ తీసి చూడండి. ఫైల్ పేరు మీరు ఎంచుకోకండి. పక్క టీమ్‌వాళ్ళని ఎంచమనండి, అదీ సగం పేరే చెప్పమనండి.